ఉమేదువారి విన్నపము

ఇంటికొక కుక్కపిల్లను తెచ్చుకొన్న గృహస్థు మొదట అంగడికి పోయి దాని మెడకు పట్టెడ కొనును. అచ్చట ఎఱ్ఱనివి, పచ్చనివి, మువ్వలు కూర్చినవి ఎన్నో వ్రేలాడుచుండును. కొనువాని కన్నులకు నచ్చునది ఒకటి, కుక్క మెడకు నప్పునది మరియొకటి. పట్టెడకును మెడకును నడుమ రెండు వ్రేళ్ళు దూరవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. అంతకంటె బిగువైనచో చర్మము ఒరసికొనిపోవును. అంతకంటె వదులైనచో కుక్క తల జార్చుకొని వీథిలో పడును. నీరు త్రాగు గిన్నె సంగతియు అంతియే. అది మెరయుచున్నదా యని కాదు, కాలు తగిలినప్పుడు ఒరగకుండునా యని చూడవలెను. ఎవరు వాడుకొందురో వారి అవసరమును తలచి వస్తువును ఎన్నుకొనవలెనను ఈ చిన్న సూత్రము పెంపుడు జంతువులకే పరిమితము కాదు. మనుష్యుడు బ్రదుకుతెరువు కొరకు వ్రాసికొను కాగితమునకు కూడ ఇదియే వర్తించును.

కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడను ఒకసారి తలచుకొందము. మంజీరా నది చేరువనే ఉన్నది. నిజాంసాగరు కాలువ నీటితో చుట్టును వరిపొలములు పండుచున్నవి. ఆ పట్టణమున పట్టపరీక్ష ముగించిన యువకుడొకడు కంప్యూటరు ముందు కూర్చుండి తన జీవితమును రెండు పుటలలోనికి కుదించుచున్నాడనుకొందము. మిత్రుని కాగితమును మాతృకగా ఉంచుకొని, పేరు మార్చి, ఊరు మార్చి, తక్కినదంతయు ఉన్నదున్నట్లు దింపుకొనుచున్నాడు. కష్టపడి పనిచేయువాడననియు, త్వరగా నేర్చుకొనువాడననియు వ్రాసికొనుచున్నాడు. ఈ మాటలు ఎవరి కాగితమునందైనను ఇముడును. కావుననే ఎవరి కాగితమునకును బలము నీయవు. ఈ కాగితము ఎచ్చటనుండి వచ్చినది, దీనికి పూర్వము మన పెద్దలు కొలువు నెట్లు అడిగిరి, ఎవరికి ఏల దొరికెను, ఎవరికి ఏల దొరకలేదు అను చరిత్రను నేటి ప్రసంగమున మేము మనవి చేయుచున్నాము.

మొదట మాటల కథ. నేడు అందరి నోట నానుచున్న రెజ్యుమే యనునది ఫ్రెంచి మాట. సంగ్రహించినది అని దాని అర్థము. కరికులం వీటే యను లాటిను మాటకు జీవితపు నడక యని అర్థము. వీనికంటె ముందే మన కచేరీలలో అర్జీ యను అరబ్బీ మాట, దరఖాస్తు అను పారసీక మాట స్థిరపడి మన పల్లెల వరకు వచ్చినవి. సిఫారసు కూడ పారసీకమే. విన్నపము మాత్రము విజ్ఞాపనమునుండి పుట్టిన తద్భవము. ఈ మాటలన్నిటిలోను మనస్సును పట్టియుంచునది మరియొకటి కలదు. అది ఉమేదువారు. ఉమేదు అనగా పారసీకమున ఆశ. ఆశ పెట్టుకొన్నవాడు ఉమేదువారు. కొలువు కొరకు నిలుచున్న వానికి అభ్యర్థి యని మనము నేడు పెట్టిన పేరులో కోరిక కలదు. ఉమేదువారు అను పాత పేరులో నిరీక్షణ కూడ కలదు.

ఆ నిరీక్షణ ఉత్తమాట కాదు. కుంఫిణీవారి కాలమున కచేరీలలో కుర్రవాండ్రు జీతము లేకుండ చేరి, పెద్ద గుమాస్తాల ప్రక్కన కూర్చుండి, కాగితములు దింపుచు, లెక్కలు కూడుచు, ఎప్పుడైన ఒక చోటు ఖాళీ పడునేమోయని కాచుకొనియుండెడివారు. వారి దస్తూరి, వారి నడవడి, వారి ఓర్పు దొరల కంట పడవలెను. అదియే వారి దరఖాస్తు. కాశీయాత్ర చరిత్రను వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్య చరిత్రయు అట్లే మొదలైనది. చిన్నతనమున తండ్రిని కోల్పోయిన ఆయన పండ్రెండవ యేటనే చెన్నపట్టణపు బోర్డు ఆఫ్ ట్రేడులో వాలంటీరుగా చేరిరి. క్రమముగా దుబాసీ పనిలో ఆరితేరి, సుప్రీముకోర్టున ప్రధాన దుబాసి పదవి వరకు ఎదిగిరి. 1830లో కాశీకి బయలుదేరినప్పుడు ఆయన హైదరాబాదు నుండి నిర్మల మీదుగా నాగపూరు బాట పట్టిరి. ఆ బాట బాన్సువాడకు తూర్పుగా, నేటి కామారెడ్డి, నిజామాబాదు జిల్లాల నేలమీదనే సాగినది. దారిపొడవునను కానవచ్చిన బసలు, ధరలు, మనుష్యుల తీరు ఆయన ఏనాటికానాడు వ్రాసియుంచిరి. చూచినదానిని చూచినట్లు కుదురుగా వ్రాయు అలవాటునకు కచేరీ పని చాలవరకు మెరుగు పెట్టియుండును.

అయితే ఈ పద్ధతిలో ఒక లోపము దాగియున్నది. జీతము లేకుండ ఏండ్లు గడుపగలవాడే ఉమేదువారు కాగలడు. ఇంట రెండు పూటల అన్నమునకు లోటు లేనివాడు, కచేరీలో ఇంతకుముందే మేనమామయో పెదతండ్రియో ఉన్నవాడు, ఆ గుమ్మము తొక్కగలడు. కూలివాని కొడుకునకు, చేనేతవాని కొడుకునకు ఆ ఆశ పెట్టుకొనుటకే అర్హత లేకుండెను. ప్రతిభ లేదని కాదు. ప్రతిభ కనబడు చోటికి చేరుదారి లేదు. కాగితమున లేని గుణములను చూచుకొనుటకు వీలైన పద్ధతియే, కాగితమునకు రాని మనుష్యులను పూర్తిగా విడిచివేసినది.

ఆ తరమువారిలో తన కొలువుల కథను తానే వ్రాసికొన్న తెలుగువారు వెన్నెలకంటి సుబ్బారావు. 1784లో జన్మించి 1839లో మరణించిన ఈయన ఒంగోలు ప్రాంతమువారు. ఆంగ్లముతో పాటు పెక్కు దేశభాషలు నేర్చి, 1815 నుండి 1829 వరకు చెన్నపట్టణపు సదరు అదాలతు కోర్టున అనువాదకులుగా, దుబాసిగా పనిచేసిరి. ఆయన తన జీవితమును ఆంగ్లమున వ్రాసియుంచగా, కుమారుడు దానిని 1873లో అచ్చువేయించెను. తెలుగువారు వ్రాసిన స్వీయచరిత్రలలో మొదటిదిగా దానిని పేర్కొందురు. ఏ ఊర, ఏ దొర కొలువున, ఏ పనికి, ఎంత జీతమునకు కుదిరితినో, అచ్చటనుండి ఏల కదలితినో అందు వరుసగా కానవచ్చును. తాను బుద్ధిమంతుడనని ఆయన చాటుకొన నక్కరలేకపోయినది. ఒక్కొక్క మెట్టు ఎక్కిన తీరే ఆ మాట చెప్పుచున్నది.

ఇదే సంగతిని మరింత పూర్వమున, మరియొక ఖండమున, ఒక మహానుభావుడు ఎరిగియుండెను. లియొనార్డో డావించి ఇటలీలోని మిలాను ప్రభువైన లుడోవికో స్ఫోర్జాకు 1482 ప్రాంతమున వ్రాసిన లేఖ యొక్క చిత్తుప్రతి నేటికిని నిలిచియున్నది. అందు తాను చేయగల పనులను అంకెలు వేసి పేర్కొన్నాడు. మొదటి తొమ్మిదింటిలోను వంతెనలు, కందకములు, ఫిరంగులు, సొరంగములు, కప్పిన రథములు మొదలగు యుద్ధసాధనముల ప్రస్తావనయే. శాంతికాలపు కట్టడములు, నీటి కాలువలు పదియవది. లోకము ఎవనిని చిత్రకారుడని కొలుచుచున్నదో, ఆ మనుష్యుడు శిల్పమును, చిత్రమును చిట్టచివర మాత్రమే తడవినాడు. ఆ ప్రభువునకు ఆ కాలమున కావలసినవి కోటలును ఆయుధములును. చదువువాని అక్కర యేమో వ్రాయువాడు ముందుగా కనుగొన్నాడు. అంతట ఆగక, ఏదియైన అసాధ్యమని తోచినచో ప్రభువు చెప్పిన చోట పరీక్షించి చూపెదనని ముగించినాడు. గొప్ప చెప్పుకొనుట వేరు, పరీక్షకు సిద్ధపడుట వేరు.

ఇట్లు వ్రాయనేర్చిన మాత్రమున కొలువు దొరకునా? ఈ ప్రశ్నకు మన తెలుగు నేలపైననే ఒక బరువైన సమాధానము కలదు. అది ఏలూరునకు చెందిన కావలి సోదరుల కథ. కర్నల్ కాలిన్ మెకెంజీ దక్షిణాపథమున భూములు కొలుచుచు, శాసనములు, కైఫీయతులు, తాళపత్రములు ప్రోగుచేసిన సంగతి విద్యావంతులెరుగుదురు. ఆ కార్యమునకు వెన్నెముకగా నిలిచినవాడు కావలి వెంకట బొఱ్ఱయ్య. 1776లో పుట్టిన ఈ యువకుడు ఇరువది యేండ్ల ప్రాయమున మెకెంజీ కడ చేరి, పండితులను కలిసికొని, గ్రామ కరణములను ఒప్పించి, చదువరాని పాత లిపులను సాధించెను. ఆయన అనువదించిన జైనుల వృత్తాంతము 1807లో ఏషియాటిక్ రీసెర్చెస్ సంపుటమున అచ్చయినది. కాని దానిని చూచుకొనుటకు ఆయన లేడు, 1803లోనే గతించెను. పదునాలుగేండ్ల తరువాత, 1817లో, మెకెంజీ తన మిత్రుడు అలెగ్జాండరు జాన్‌స్టనునకు లేఖ వ్రాయుచు, భారతీయ విజ్ఞానపు ద్వారమును తనకు మొదట తెరచినది ఈ యువకుని సాహచర్యమే యని ఒప్పుకొనెను. యజమాని మనఃపూర్వకముగా వ్రాసిన సిఫారసు ఇంతకు మించి యేముండును? అది చనిపోయిన సేవకుని గూర్చి వ్రాయబడినది.

బొఱ్ఱయ్య తరువాత తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. ఊరూరికి పంపిన సహాయకులను నడపి, వారి నివేదికలను పరిశీలించి, సంగ్రహములు తయారుచేసి, మెకెంజీ కన్నుమూసిన 1821 వరకు దాదాపు ఇరువది యేండ్లు ఆయన ఈ కృషిలోనే మునిగియుండెను. మరియొక సోదరుడు రామస్వామి 1829లో దక్కను కవుల చరిత్రలను ఆంగ్లమున అచ్చువేసెను. మెకెంజీ సంపాదించిన ప్రోగు కలకత్తాకు చేరినది, కొంతభాగము సీమకు చేరినది. ఆగిపోయిన ఆ పనిని తిరిగి సాగించుటకు తనకు అనుమతియు వనరులును ఇప్పింపుడని లక్ష్మయ్య 1830వ దశకమున ప్రభుత్వమునకు విన్నవించుకొనెను. ఇది ఉద్యోగము కొరకు చేసిన విన్నపమే. అనుభవము కలదు, భాషలు కలవు, చేసిన పనికి నిదర్శనములు కట్టలు కట్టలుగా ఉన్నవి. నేటి కొలతలతో చూచినను ఆ విన్నపమునకు వంక పెట్టలేము.

ప్రభుత్వము ఆ విషయమున కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయము కోరెను. అప్పటి కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. 1836లో వెలువడిన ఆ అభిప్రాయపు సారాంశము ఇది: ఇట్టి పనికి పాశ్చాత్య శాస్త్ర పరిచయము, విమర్శన బుద్ధి కావలెను, వెంకట లక్ష్మయ్య గాని, ఆ మాటకు వచ్చినచో ఏ దేశీయుడు గాని, అందుకు సరిపోవునని చెప్పుటకు వీలులేదు. ఒక దొర చేతిక్రింద సహాయకుడుగా ఉండుటకు మాత్రము తగును. తరువాత ఆ ప్రతుల పరిశీలన విలియం టెయిలరు అను మతాచార్యునికి అప్పగింపబడినది. విన్నపమున లోపము లేదు. చదివిన కంటికి ముందే ఒక నిర్ణయము కలదు. పుట్టుకను చూచిన కన్ను పనిని చూడలేదు. ప్రిన్సెప్ సామాన్యుడు కాడు. మరుసటి యేడే బ్రాహ్మీ లిపి రహస్యమును ఛేదించిన మేధావి. అంతటి మేధావియు ఒక కాగితమును న్యాయముగా చదువలేకపోయెనన్నచో, చదువుట యనునది ఎంత కష్టమైన బాధ్యతయో మనము గ్రహింపవలెను. నేటికిని తెలుగు గ్రామముల చరిత్ర వ్రాయువారు ఆ కైఫీయతులనే తిరుగవేయుచున్నారు. ఒక విధముగా లక్ష్మయ్య విన్నపమునకు కాలము ఆలస్యముగా సమ్మతి తెలిపినది.

పుట్టుకను, సిఫారసును తప్పించుటకు పందొమ్మిదవ శతాబ్దపు నడుమ ఒక క్రొత్త ఉపాయము వచ్చినది. అది పోటీ పరీక్ష. 1853 నాటి చార్టరు చట్టముతో సివిలు సర్వీసునకు పరీక్ష ద్వారము తెరువబడినది. 1855లో మొదటి పరీక్ష జరిగినది. పరీక్ష లండనులో జరుగుచుండుటచే సముద్రము దాటగలవారికే అది అందెను. 1863లో సత్యేంద్రనాథ టాగూరు దానిలో నెగ్గిన తొలి భారతీయుడైనాడు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము స్థాపింపబడిన పిదప పట్టము అను నూతన ఆధారము పుట్టినది. అంతవరకు ఫలానావారి కుమారుడనని చెప్పుకొన్నవాడు, అటుపిమ్మట ఫలానా పరీక్షలో ఫలానా తరగతి యని చెప్పుకొన మొదలుపెట్టెను. నేటి రెజ్యుమేలో చదువుల పట్టిక ముందు నిలుచుటకు బీజము అచ్చటనే పడినది.

ఇక నిజాము రాజ్యమునకు వత్తము. బాన్సువాడ ఆ రాజ్యములోనిది. 1853 నుండి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగు జిల్లాలను ఏర్పరచి, శాఖలను దిద్ది, పాలనను క్రొత్త పుంతలు త్రొక్కించెను. అందుకు కావలసిన ఉద్యోగులను ఉత్తర హిందూస్థానము మొదలగు చోట్లనుండి రప్పించెను. పాలనాభాషగా ఉన్న పారసీకము స్థానమున 1884లో ఉర్దూ వచ్చినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడి ఉర్దూ మాధ్యమమున ఉన్నత విద్య గరపినది. దేశభాషలో విశ్వవిద్యాలయపు చదువు చెప్పుట గొప్ప ప్రయోగమే. కాని మంజీరా ఒడ్డున తెలుగు మాటాడు ఇంట పుట్టిన బాలునికి అదియు పరాయి భాషయే. అతడు కచేరీలో చిన్న పని కోరినను దరఖాస్తును కుడినుండి ఎడమకు వ్రాయవలెను. వ్రాయలేనివాడు కచేరీ బయట కూర్చుండి అర్జీలు వ్రాయువానికి పైకము చెల్లించి వ్రాయించుకొనవలెను. తన బ్రదుకును గూర్చి తన పేర వెలువడు కాగితమున ఏమి వ్రాయబడినదో తానే చదువలేని స్థితి యది.

1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున ప్రసంగింపబోగా సభికులు గేలిచేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజన సంఘము పుట్టినది. అది పెరిగి ఆంధ్రమహాసభయైనది. 1937లో ఆ మహాసభ నిజామాబాదున జరిగినది. మాతృభాషలో విద్య కావలెనని ఆ సభలు అడుగుచువచ్చినవి. దీనిని భాషాభిమానముగా మాత్రమే చూచుట చాలదు. ఏ భాషలో అర్జీ చెల్లునో ఆ భాషవారికే కొలువు దగ్గర. ఆ నిజమును ఎరిగిన తండ్రులు తమ బిడ్డల కొరకు చేసిన ఆందోళన యది.

కాగితమునకు మరియొక జత కూడ ఈ రాజ్యముననే కూడినది. బయటివారు ఉద్యోగములు పొందుచున్నారను అసంతృప్తి నడుమ 1919లో ముల్కీ నిబంధనలు వెలువడినవి. రాజ్యమున పుట్టినవారు, పదునైదేండ్లు స్థిరముగా నివసించినవారు ముల్కీలు. దరఖాస్తుతో పాటు ముల్కీ ధ్రువపత్రము జతపరచవలెను. నీకేమి వచ్చును అను ప్రశ్న ప్రక్కన నీదే ఊరు అను ప్రశ్న నిలిచినది. దొంగ ధ్రువపత్రములు పుట్టినవి. 1952 సెప్టెంబరులో ఈ విషయమై హైదరాబాదు వీథులలో కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాతను, 1969 ఉద్యమములోను, ఈ కాగితము చుట్టునే ఎంతో వేదన తిరిగినది. 1973లో రాజ్యాంగ సవరణతో ముల్కీ నిబంధనలు తొలగినవి. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చినది. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప వచ్చిన 2018 నాటి ఉత్తర్వు ప్రకారము, ఒకటవ తరగతి నుండి ఏడవ తరగతి వరకు గల చదువులో కనీసము నాలుగేండ్లు ఎచ్చట చదివెనో అభ్యర్థి అచ్చటి స్థానికుడు. కావున ప్రాథమిక పాఠశాల పత్రమును బీరువాలో భద్రపరచుట బాన్సువాడ తల్లిదండ్రులకు నేటికిని అవసరమైన కార్యము.

1923లో మంజీరాపై నిజాంసాగరు నిర్మాణము మొదలై 1931లో ముగిసినది. ఆ ఆనకట్టతో నవాబు అలీ నవాజ్ జంగు పేరు ముడిపడియున్నది. ఆయన ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగు చదివివచ్చినవారు. తొంబది యేండ్లు దాటినను ఆనకట్ట కన్నుల ముందున్నది. ఆయన అర్హతను నిరూపించుటకు అంతకంటె పత్రమేమి కావలెను? కాని అదే ఆనకట్టకు మట్టి మోసినవారికి, రాళ్ళు కొట్టినవారికి ఏ పత్రమును మిగులలేదు. ఆ కాలపు కూలిజనమునకు హాజరు పట్టీలో ఒక వేలిముద్రయే జీవిత సంగ్రహము. అనుభవము వారికి తక్కువ కాదు. అనుభవమును అక్షరముగా మార్చు చదువు మాత్రమే వారికి అందలేదు.

స్వతంత్ర భారతమున ఈ దూరమును తగ్గించుటకు కొన్ని యత్నములు జరిగినవి. యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికుల కొరకు 1945లో నెలకొల్పిన ఉద్యోగ కల్పనా కేంద్రములు తరువాత అందరికిని తెరువబడినవి. ఖాళీలను ఆ కేంద్రములకు తెలియజేయుట 1959 నాటి చట్టముచే నిర్బంధమైనది. ఊరూర టైపు నేర్పు బడులు వెలసినవి. దస్తూరి స్థానమున టైపు అక్షరము వచ్చినది. అందరి కాగితములును ఒకే తీరుగా కనబడుట అప్పటినుండియే. 2016 జనవరి నుండి కేంద్ర ప్రభుత్వపు క్రింది తరగతుల ఉద్యోగములకు మౌఖిక పరీక్ష తీసివేయబడినది. ముఖమును చూచి మార్కులు వేయు అవకాశము తగ్గుట, సిఫారసు లేని ఇండ్లకు కొంత ఊరట.

మరియొక ప్రక్క 1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫు దేశములలో నిర్మాణములు ముమ్మరమైనవి. నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతములనుండి వేలాది యువకులు ఆ దారి పట్టిరి. అచ్చటికి పోవువాని చేత కాగితములు పెక్కు సంతకములు చేయించుకొందురు. అవి అరబ్బీలోనో ఆంగ్లములోనో ఉండును. తాత ఉర్దూ అర్జీని చదువలేకపోయెను. మనుమడు అరబ్బీ ఒప్పందమును చదువలేకున్నాడు. 1983 నాటి వలసల చట్టము ప్రకారము ప్రభుత్వమున నమోదైన ఏజెంటు ద్వారా పోవుట, ఒప్పందపు ప్రతిని చేతికి తీసికొని తెలిసినవారిచే చదివించుకొనుట, ఎన్ని పనులున్నను మరువరాదు.

ఇంత చరిత్రను చెప్పుకొన్నాము గావున, నేడు కాగితము వ్రాయువారికి అందులోనుండి దొరకు మేలేమో చూతము. మొదటిది లియొనార్డో నేర్పినది: ప్రకటనను రెండుమారులు చదివి, వారు కోరిన పనికి సంబంధించిన అనుభవమును ముందుంచుడు. లెక్కలు చూచు పనికి పాటల పోటీలో వచ్చిన బహుమతి చివరకు పోవలెను. రెండవది వెన్నెలకంటివారు నేర్పినది: గుణములను కాదు, చేసిన పనులను వ్రాయుడు. ఎచ్చట, ఎప్పటినుండి ఎప్పటివరకు, ఏమి, ఎంత. ఎరువుల దుకాణమున మూడేండ్లు చిట్టా వ్రాసినవాడు బాధ్యతాయుతుడనని వ్రాయుటకంటె ఆ మూడేండ్ల చిట్టాను గూర్చి రెండు పంక్తులు వ్రాయుట మేలు. తండ్రి పొలమున పంపుసెట్టు బాగుచేయుట, గ్రామ సంఘమున లెక్కలు చూచుట కూడ అనుభవములే. వానిని వ్రాయుటకు సిగ్గుపడరాదు.

మూడవది మన పేరులను గూర్చినది. తెలుగువారికి ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. పదవ తరగతి పత్రమున ఒక విధముగ, ఆధారు కార్డున మరియొక విధముగ ఉన్నచో చిక్కులు వచ్చును. అన్నిటను ఒకే తీరుగా ఉండునట్లు ముందే సరిచేయించుకొనవలెను. నాల్గవది, నడుమ ఖాళీగా గడచిన యేడాదిని దాచరాదు. తల్లికి జబ్బు చేసినదనియో, పరీక్షకు చదివితిననియో ఒక్క మాట చాలును. దాచినదే సందేహమును పెంచును. ఐదవది, లేనిదానిని వ్రాయరాదు. పరీక్షించి చూడుడని చెప్పగలిగినంత మాత్రమే వ్రాయవలెను. ప్రైవేటు సంస్థలకు పంపు కాగితమున కులము, మతము, ఎత్తు, బరువు మున్నగునవి అడుగనిదే వ్రాయ నక్కరలేదు. అవి పెండ్లి సంబంధపు కాగితమునుండి జారిపడిన వివరములు. రెండు పుటలు మించకుండ వ్రాసి, పంపుటకు ముందు ఇంకొకరిచే చదివింపుడు. మన తప్పు మన కంటికి కనబడదు.

నేడు పెద్ద సంస్థలలో ఈ కాగితమును మొదట చదువునది పెక్కుమారులు మనుష్యుడు కాదు, యంత్రము. ప్రకటనలోని మాటలు కాగితమున కలవా యని అది వెదకును. కావున సాదా అక్షరములతో, పట్టికలు, బొమ్మలు లేకుండ, పని పేరును స్పష్టముగ వ్రాయుట మంచిది. కాని యంత్రమునకు ఎవరి మాటలు ముఖ్యమో నేర్పినవాడు మనుష్యుడే. అతని మనస్సులోని పక్షపాతము అందులోనికి ప్రాకినచో, లక్ష్మయ్యకు జరిగిన అన్యాయమే ఎవరి సంతకమును లేకుండ తిరిగి జరుగవచ్చును.

అందుచే మా చివరి మాట వ్రాయువారికి కాదు, చదువువారికి. మన పాఠకులలో దుకాణము నడుపువారు, పాఠశాల నడుపువారు, కార్యాలయమున పెద్ద కుర్చీలో కూర్చుండువారు ఎందరో ఉందురు. మీ బల్లమీదికి వచ్చు ప్రతి కాగితము వెనుక ఒక ఉమేదువారు కలడు. అతని భాష తడబడవచ్చును. అచ్చు సొగసుగా ఉండకపోవచ్చును. పట్టెడ రంగును చూచి కుక్క నెన్నువాడు లేడుగదా! కాగితపు సొగసును విడిచి, అందు చెప్పిన పనిని చూడుడు. తీసికొనలేనిచో ఒక పంక్తి జవాబైనను వ్రాయుడు. ఆశ పెట్టుకొన్నవానికి లేదను మాటకంటె మౌనమే ఎక్కువ బాధ కలిగించును.